వెనక సీటు

జీవితమంతా బస్సు నడిపిన మనిషికి వెనక సీటు ఎలా ఉంటుందో తెలియదు. తెలుసుకోవలసి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఇప్పుడు మాత్రం ఇంటి గేటు ముందు, ఇద్దరు తొక్కే పొడుగాటి సైకిలు మీద, వెనక సీటెక్కి కూర్చుని, ఒక కాలు పెడలు మీదా ఒక కాలు నేల మీదా పెట్టుకుని, ముందు సీటులో ఉన్న భార్య ఎప్పుడు పోదామంటుందా అని ఎదురుచూస్తున్నాడు, తొలిరోజు బడికెళ్ళే పిల్లాడంత బుద్ధిగా, వాడికన్నా కాస్త ఎక్కువ భయంగా. పొద్దుటి ఎండ ఎడమ చెంప మీద పడుతోంది, అంటే సైకిలు వీధి చివరి వైపు తిరిగి ఉన్నట్టు, ఎదురింటి కొళాయి చప్పుడు కుడి చెవిలో పడుతోంది, అంటే గోడకు సరిపడా దూరంలోనే ఉన్నట్టు, చూపు పోయాక ఈ లెక్కలన్నీ అడక్కుండానే వచ్చి వాలుతున్నాయి, కళ్ళున్న రోజుల్లో ఎక్కడ దాక్కున్నాయో ఏమో. ముందు నుంచి సబ్బు వాసన వస్తోంది, దానికింద మిషను నూనె వాసన, అది ఆమె చేతివేళ్ళది, ఎన్నిసార్లు కడిగినా పోదు. తన చేతులకేమో గ్రీసు వాసన. ఇద్దరిదీ కలిపితే ఇల్లు రిపేరు కొట్టులా ఉంటుందని అతని చెల్లెలు వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేది.

"బ్రేకు నా దగ్గరుంది, భయపడకండి," అంది ఆమె.

"నాకేం భయం," అన్నాడు అతను.

"ఊఁ," అంది. నేల మీది కాలు గాల్లోకి లేచింది. సైకిలు ఒక్క క్షణం అటూ ఇటూ ఊగి, ఎటు పడదామా అని ఆలోచించి, ఏ పక్కా నచ్చనట్టు ముందుకు కదిలింది, తర్వాత గాలి మొహానికి తగిలింది, గేటు వెనక్కి పోయింది, ఎదురింటి కొళాయి వెనక్కి పోయింది. ఈ సైకిలు మర్మమంతా ఎడమ పక్క చైనులో ఉంది. మామూలు సైకిలుకు చైను కుడివైపే. దీనికి ఎడమవైపు ఇంకొకటి, ముందు పెడళ్ళనూ వెనక పెడళ్ళనూ కట్టిపడేసేది. ముందువాళ్ళు తొక్కితే వెనకవాళ్ళ కాళ్ళు తిరగాల్సిందే, వెనకవాళ్ళు బద్ధకిస్తే ముందువాళ్ళకు తెలిసిపోవాల్సిందే, దొంగపనికి తావు లేదు. ఆమె పాదాల ఒత్తిడి ఆ చైను గుండా ప్రయాణం చేసి అతని అరికాళ్ళకు చేరుతోంది, కుడిపాదం కాస్త గట్టిగా, ఎడమపాదం కాస్త తేలిగ్గా, మధ్యలో ఒక చిన్న ఆగుడు, మళ్ళీ కుడి. ఎక్కడో విన్న నడక ఇది. ఎక్కడో ఏమిటి, ఇంట్లోనే. ఆమె దర్జీ, వీధంతా మిషనక్క అంటుంది, అతను రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే రోజుల్లో పక్కగదిలోంచి వచ్చే కుట్టుమిషను చప్పుడు అచ్చం ఇలాగే ఉండేది, గట్టిగా, తేలిగ్గా, చిన్న ఆగుడు. ఆ చప్పుడు ఉంటేనే నిద్ర పట్టేది, ఆగిపోతే మెలకువ వచ్చేది. "పెళ్ళయిన నాటి నుంచీ తొక్కుతూనే ఉన్నాను, ఒక్క అడుగు ముందుకు పోలేదు," అని నవ్వుతూ అనేది, ఎవరి మీదా నేరం మోపకుండా, మిషను గురించి ఒక చమత్కారంలాగా. అన్నేళ్ళూ చెవితో విన్నదాన్ని ఇప్పుడు కాళ్ళతో వింటున్నాడు. అతనికి ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"ఏంటి నవ్వుతున్నారు?"

"ఏం లేదు, నువ్వు చొక్కా కుడుతున్నావు."

"మిమ్మల్ని మీరు కాలర్ అనుకుని కదలకుండా కూర్చోండి. మలుపొస్తోంది."

మలుపు దగ్గర ఏం చేయాలో నేర్చుకున్నాడు: ఏమీ చేయకూడదు. సంచి మూటలా కూర్చోవాలి. సైకిలు ఎటు వాలితే అటు వాలాలి, అంతే, ఇంత తేలిక పని ఇంత కష్టంగా ఉంటుందని ఎవరు చెబుతారు. అసలు ఈ ఫ్రేము ఆమె తెచ్చింది. అతను తెచ్చినవైతే లెక్కే లేదు, వయసులో ఉన్నప్పట్నుంచీ అదే పిచ్చి, సెలవు దొరికితే పాత ఇనుము కొట్ల వెంట తిరగడం, విరిగిన మంచాల కిందా తుప్పుపట్టిన తలుపుల కిందా ఎక్కడో ఒక సైకిలు ఫ్రేము మూలుగుతూ పడి ఉండేది, దాన్ని బయటికి లాగి వేలి కణుపుతో గొట్టం మీద కొడితే, పగులు లేనిది గంటలా పలికేది, పగులున్నది ముసలాడిలా దగ్గేది. పలికినదాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. పైరంగు గీరితే కింద ఇంకో రంగు, నలుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద ఎరుపు, ఎవరెవరు ఏ రంగు మోజుతో పూయించుకున్నారో, ఎవరు దీని మీద ఎవరిని ఎక్కించుకుని పోయారో, చేతిలో ఉప్పుకాగితం ఆడుతూ ఉంటే బుర్రలో ఆ మనుషులంతా వరసగా తొక్కుకుంటూ పోయేవారు. చక్రాలు ఒకచోట, పెడళ్ళు ఇంకోచోట, హ్యాండిలు మరోచోట దొరికేవి, చివరికి అన్నీ ఒకేచోట చేరి ఒక సైకిలై నిలబడేవి, స్టాండు వేసి చక్రం తిప్పితే అది తిరుగుతూనే ఉండేది, చాలాసేపు, ఆ చాలాసేపటి కోసమే ఇదంతా. ఒక్కటీ అమ్మలేదు. తపాలా ఆయనకొకటి, చెల్లెలికొకటి, తన బస్సు కండక్టరుకొకటి ఇచ్చేశాడు. మిగతావి వరండా గోడకు వేలాడేవి. "ఈ ఇంట్లో మనుషులు ఇద్దరు, సైకిళ్ళు మంద," అనేది ఆమె, మందకు దుమ్ము దులుపుతూ.

ఆ తర్వాత కళ్ళకు నీటికాసుల జబ్బు. నొప్పి లేదు, మంట లేదు, పిల్లిలా వచ్చింది. మొదట పక్కచూపు పోయింది, అద్దంలో కనబడాల్సిన లారీ కనబడలేదు, అదృష్టం బాగుండి లారీ వాడే తప్పుకున్నాడు, తర్వాత ఎవరో తలుపు నెమ్మదిగా దగ్గరికి వేస్తున్నట్టు వెలుగు సన్నబడి సన్నబడి గీతయింది, ఆ గీతా పోయింది. తాళాలు అప్పజెప్పి వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు అందులోనే ఉండిపోయాడు. ఒకరి మోచెయ్యి పట్టుకుని నడవడం తన వల్ల కాదన్నాడు. రోడ్డు మీద ఏం కనబడుతోందని ఒకర్ని అడగడం చచ్చినా తన వల్ల కాదన్నాడు. బాధ అనుకున్నారు అందరూ. బాధ కాదు, రోషం. ఊరు ఊరంతటినీ వెనకేసుకుని తీసుకెళ్ళినవాణ్ణి ఇప్పుడొకరు తీసుకెళ్ళాలా? వరండా గోడ మీది ఫ్రేములు కూడా ఊరకుండిపోయాయి, వాటి మీద అతని చెయ్యి పడలేదు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఏదో పొడుగాటిది గీసుకున్న చప్పుడు, ఆటోవాడి సణుగుడు, ఆమె రొప్పు, ఆ వెంటనే తన ఒళ్ళో చల్లటి ఇనుము. కుర్చీకి అటూ ఇటూ బారెడేసి పొడుచుకొచ్చింది.

"ఏంటే ఇది?"

"మీరే చెప్పండి," అంది.

చేతులు వాటంతటవే బయలుదేరాయి. ముందు గొట్టం, సరే. పై గొట్టం, కింది గొట్టం, సీటు గొట్టం, ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. చెయ్యి ఇంకా ముందుకు పోతోంది, ఇంకో పై గొట్టం, ఇంకో సీటు గొట్టం, పెడళ్ళకు ఇంకో గూడు. "ఇదేంటే, దీనికి ఇంకో సైకిలు తగులుకుంది!" అన్నాడు, ఆ మాట తన నోటి నుంచే ఇంత గట్టిగా వచ్చిందా అని తనే ఉలిక్కిపడ్డాడు. ఆమెకు సైకిళ్ళ గురించి ఓనమాలు తెలియవు. కొట్లో ఉన్నవాటన్నిటిలో పొడుగైనది ఏదో చూసి అది పట్టుకొచ్చింది. "ఎంత పొడుగుంటే అన్నాళ్ళు కుర్చీలోంచి లేచి పని చేస్తారనుకున్నాను," అంది. ఇది ఇద్దరు తొక్కే సైకిలని చెబితే ఆ రెండో సీటు గొట్టాన్ని తట్టి చూసింది. తర్వాత "మరి ముందెవరు కూర్చుంటారు?" అంది. అదేం ప్రశ్న! "గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం, నేను కూర్చుంటాలే," అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు, ఆ ఇంట్లో నవ్వు విని చాలా కాలమైందని పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసిందట, ఆ సంగతి తర్వాత ఆమె చెప్పింది.

టీ కొట్టు దాటుతున్నారు, గ్లాసుల గలగల, మరిగే పాల వాసన, మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి, అంటే అందరూ ఇటే చూస్తున్నారు. చూడనీ. వీపు కాస్త నిటారుగా పెట్టుకున్నాడు. మేడ మీంచి ఎవరో పసిగొంతు, "అమ్మా, గులాబీ సైకిలు! గులాబీ సైకిలు మీద ఇద్దరు!" అని అరిచింది.

అతని కాళ్ళు ఆగబోయాయి, చైను ఆగనివ్వలేదు. "ఏమే, ఏమంటోంది ఆ పిల్ల?"

"ఏమో."

"నీలం వేయించానన్నావు కదా!"

"మీకు నీలం ఇష్టం. నాకు గులాబీ ఇష్టం. చూసేది నేను కదా," అంది ఆమె, హాయిగా తొక్కుతూ.

నెల రోజులుగా అతను నీలం సైకిలు మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు, నీలంగా ఆరబెట్టాడు, నీలంగా తుడిచాడు, చెల్లెలికి ఫోను చేసి లోతైన నీలమని వర్ణించి మరీ చెప్పాడు, అది కూడా దొంగముండ, ఎప్పుడో వచ్చి చూసిపోయి కూడా అవునన్నయ్యా ఎంత బాగుందో నీలం అంది. అందరూ కలిసి ఇంత నాటకం ఆడారా! కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు, రాలేదు, దాని బదులు బొడ్డు దగ్గర్నుంచి నవ్వు తన్నుకొచ్చింది, వెనక సీటులో మనిషి కుదుపుతూ నవ్వితే ముందు హ్యాండిలు వణుకుతుంది, "కదలకండి బాబూ," అని ఆమె మొత్తుకుంటోంది, ఆమె గొంతులోనూ నవ్వే. గులాబీ. గడ్డం నెరిసిన డ్రైవరు, గులాబీ సైకిలు. సరే, తెలుపు కలిసిన లేత గులాబీయా, ముదురు గులాబీయా? అడగాలనిపించింది, కానీ ఆమెను ఇప్పుడప్పుడే గెలిపించదలచుకోలేదు.

ఎంత మొండికేసిందీ ఫ్రేము. ముందు సీటు కడ్డీ గొట్టంలో తుప్పుతో కలిసిపోయి కరుచుకుపోయింది, రాదు. నూనె పోసి రాత్రంతా ఉంచాడు, రాలేదు. వేణ్ణీళ్ళు పోశాడు, రాలేదు. దానితో మాట్లాడాడు, తిట్టాడు, బతిమాలాడు. మళ్ళీ నూనె పోసి కూర్చున్నాడు. ఇనుముకు తొందర పనికిరాదు, బస్సుకైనా సైకిలుకైనా, ఆ సంగతి తెలిసినవాడే, అయినా ప్రతి పూటా ఒకసారి పానా వేసి తిప్పి చూసేవాడు, ఆమె గుడ్డ కత్తిరిస్తూ "అప్పుడే రైడుకు ముహూర్తం పెట్టారు, ఆలూ లేదు చూలూ లేదు," అని దెప్పేది. ఒకరోజు తిప్పితే కీచుమని ఒక అరుపు, ఇనుముదో ఆమెదో తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి, కడ్డీ ఒక వెంట్రుకవాసి కదిలింది. ఆ వెంట్రుకవాసి! ప్రమోషను వచ్చిన రోజున కూడా అంత గంతు వేయలేదు. ఆ తర్వాత అన్నీ వేళ్ళే చూశాయి. తుప్పు ఉన్నచోట గరుకు, పోయినచోట నునుపు, మధ్యలో గుంటలు పడినచోట పుండు మానిన చర్మంలాగా. అతను రుద్దిన చోట ఆమె వేలు పెట్టి పరీక్ష చేసేది, సూది కుచ్చుకుని కుచ్చుకుని మొద్దుబారిన వేలు, "ఇక్కడ ఇంకా ఉంది," అనేది, ఉండేది. చక్రాల వంకర తీయడానికి కళ్ళు కావాలని అందరూ అంటారు, అక్కర్లేదు, ఫోర్కు మీద బొటనవేలు ఆనించి గోరు రిమ్ముకు తగిలీ తగలకుండా పెట్టి తిప్పితే, వంకర ఉన్నచోట గోరు గీసుకుంటుంది, అక్కడ ఎదుటి పక్క స్పోకు పుల్లను బిగించాలి, ఇటు పక్క పుల్లను వదలాలి, వేలితో మీటితే ఒక్కో పుల్లా ఒక్కో స్వరం పలుకుతుంది, అన్నీ ఇంచుమించు ఒకే స్వరానికి వచ్చేదాకా మీటుతూ బిగిస్తూ మీటుతూ బిగిస్తూ, పక్కన ఆమె మిషను ఆడుతూ, కిటికీలోంచి ఎండ మోకాళ్ళ మీంచి పాదాల మీదికి జరిగిపోతూ, ఆ రోజుల్లో ఒక్కరోజు కూడా కుర్చీ గుర్తుకు రాలేదు. ఆ కుర్చీ మీద ఇప్పుడు గ్రీసు డబ్బా ఉంటుంది.

డీజిలు వాసన. తడి సిమెంటు, కడిగిన టైర్లు, డిపో గోడ పక్కన వచ్చే ఆ చల్లదనం. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపల ఎక్కడో ఇంజను ఖాళీగా తిరుగుతోంది, దాని సిలిండరులో ఒకటి ముక్కుతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు కాబోలు. ఇదివరకైతే ఈ వాసన తగులుతుందనే ఇటు రానని మొండికేసేవాడు, ఇప్పుడు ఊపిరి నిండా పీల్చుకున్నాడు. గేటు దగ్గర ఎవరో కుర్చీ తోసుకుని లేచిన చప్పుడు.

"ఓయ్ డ్రైవరూ!" కండక్టరు గొంతు. ఎన్నో ఏళ్ళు తన బస్సులోనే టికెట్లు కొట్టి, ఇప్పుడు డిపో గేటు దగ్గర కూర్చుంటున్నాడు. "టికెట్టు తీసుకున్నావా?"

"పాసురా! జన్మంతా చెల్లుతుంది!"

"అయితే బెల్లు నువ్వే కొట్టాలి, ఇక కండక్టరువి నువ్వే! అక్కా, వీణ్ణి మెట్టు మీద నిలబెట్టకు, లోపలికి జరగమను!"

"వెనక అరవకండి, ఊగుతోంది," అని ఆమె, ఎవరినన్నదో తెలియదు, ఇద్దరినీ కావచ్చు. వెనక నుంచి కండక్టరు "రైట్, రైట్!" అని అరిచిన అరుపు డిపో గోడ పొడుగునా వాళ్ళ వెంట పరుగెత్తుకుంటూ వచ్చింది.

కండక్టరు ముందు ఇంత దర్జాగా కూర్చున్నాడు కానీ మొదటిసారి ఎక్కినప్పుడు జరిగింది వాడికి తెలిస్తే డిపో అంతా చాటేవాడు. ముందుగా ఆమె చిన్న సైకిలు మీద నేర్చుకుంది, బడి మైదానంలో, పొద్దున్నే, అతను మధ్యలో నిలబడి చుట్టూ తిరిగే సైకిలును చెవులతో వెంబడిస్తూ, "హ్యాండిలు గట్టిగా పట్టుకున్నావు, వదులు," అనేవాడు, ఎలా తెలిసిందని ఆమె, సీటు కిర్రుమంటోంది కదా అని అతను. పడింది, లేచింది, మోకాలు చెక్కుకుపోయిందని ఎవరికీ చెప్పలేదు, వారం తిరిగేసరికి పాట పాడుకుంటూ తిరుగుతోంది, ఈ వయసులో! ఆ తర్వాత పొడుగు సైకిలు. అక్కడే వచ్చింది తంటా. వెనక మనిషికి కూడా పట్టుకోవడానికి ఒక హ్యాండిలు ఉంటుంది, కానీ అది చక్రానికి కాదు, ముందు సీటు కడ్డీకి బిగించి ఉంటుంది, పట్టుకోవడానికే తప్ప తిప్పడానికి కాదు. మలుపు రాగానే అతని చేతులు ఊరుకోలేదు, బస్సు స్టీరింగును తిప్పినట్టు బలంగా తిప్పేశాడు, ఆమె కింద ఆమె సీటు తిరిగింది. "నా సీటు తిప్పుతారేంటండీ!" అన్న కేక ఇంకా చెవుల్లోనే ఉంది, ఇద్దరూ ఇసకలో పడ్డారు, మీద సైకిలు పడింది. దెబ్బలు తగల్లేదు, తగిలుంటే బాగుండేది, కోపానికి ఒక కారణం దొరికేది. "మీరిప్పుడు డ్రైవరు కాదు," అంది ఆమె, దుమ్ము దులుపుకుంటూ, మామూలుగానే. అతను ఇంటికి నడిచొచ్చాడు, ఆమె మోచెయ్యి పట్టుకుని, తప్పక. కొన్నాళ్ళు సైకిలు మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు, బతిమాలలేదు, మిషను మీద కూర్చుని ఎవరిదో గౌను కుట్టుకుంటూ పోయింది, గట్టిగా, తేలిగ్గా, చిన్న ఆగుడు, అతను వరండాలో ఆ చప్పుడు వింటూ కూర్చుని, వింటూ వింటూ, కాళ్ళు వాటంతటవే నేల మీద ఆ లెక్కకు కదులుతున్నాయని గమనించాడు. ఎవరూ చెప్పకుండానే. ఆపుదామంటే ఆగవు. ఆ సాయంత్రం తనే గాలిపంపు వెతుక్కుని రెండు చక్రాలకూ గాలి కొట్టాడు. ఆమె వచ్చి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసింది.

చప్పుడు మారింది. రెండు పక్కలా గోడలు దగ్గరికి వచ్చాయి, చక్రాల రొద తిరిగి వచ్చి చెవుల్ని కొడుతోంది, కింద నీళ్ళ చల్లదనం, వంతెన. ఇరుకు వంతెన, ఒక బస్సు పడితే ఇంకోటి ఆగాల్సిందే, ఇక్కడ ఎన్నిసార్లు ఎదుటివాడితో నువ్వు వెనక్కి పో, నువ్వే పో అని పంతాలు పడ్డాడో. సరిగ్గా అప్పుడే వెనక నుంచి హారను. బస్సు. అరికాళ్ళలో ముందు తెలిసింది: ఆమె పాదాలు బిగుసుకుపోయాయి. కుట్టు ఆగిపోయింది. సైకిలు వేగం తగ్గి ఎడమకూ కుడికీ తూగడం మొదలైంది, మళ్ళీ హారను, ఈసారి దగ్గరగా, అతని చేతులు ఆ ఉత్తుత్తి హ్యాండిలును పిడికిళ్ళతో నొక్కేశాయి, తిప్పు, తిప్పు అంటున్నాయి చేతులు, వద్దు అంటున్నాడు అతను, చేతులు వినేవి కావు, కానీ ఈసారి విన్నాయి. పాదాలు మాత్రం ఆపలేదు. ఆమె ఆగినా తను తొక్కుతూనే ఉన్నాడు, ఆమె పాదాలను కూడా తన పాదాలతోనే తిప్పుతూ.

"తప్పుకుంటానండీ, పక్కకి తప్పుకుంటాను," ఆమె గొంతు సన్నగా వచ్చింది.

"వద్దు. పక్కన గోడుంది. మధ్యలోనే ఉండు."

"మీద ఎక్కించేస్తాడు!"

"ఎక్కించడు. గేరు తగ్గించాడు, విను. మూడు నుంచి రెండుకొచ్చాడు. వెనకే వస్తాడు, దాటడు. నువ్వు చూడాల్సింది ముందుకే, వెనక సంగతి నాది."

ఆమె విన్నదో లేదో, కానీ పాదాలు విన్నాయి. ముందు కుడిపాదం మెత్తబడింది, తర్వాత ఎడమది, కుట్టు మళ్ళీ మొదలైంది. వెనక ఇంజను అదే దూరంలో, అదే రెండో గేరులో గురగురమంటూ, ఎంత ఓపికైన డ్రైవరో, ఎవడి బిడ్డో, నూరేళ్ళు బతకాలి. వంతెన పొడుగునా ఒక గులాబీ సైకిలు, దాని వెనక నిండు బస్సు, ఆ వెనక ఇంకా ఏవేవో బళ్ళ హారన్లు, ఊరు ఊరంతా వాళ్ళిద్దరి వెనక బారుగా వస్తోంది, మళ్ళీ తన వెనకే! కాదు, తమ వెనక. వంతెన దాటగానే ఆమె ఎడమకు జరిగింది, బస్సు పక్కనుంచి సాగింది, కిటికీల్లోంచి ఎవరో ఈలలు, ఎవరో చప్పట్లు, ఒక ముసలమ్మ గొంతు "పడిపోకండమ్మా, నెమ్మది," అంది, డ్రైవరు పోతూ పోతూ రెండుసార్లు పొట్టిగా హారను నొక్కాడు. అది జనం కోసం కాదు, డ్రైవర్లు డ్రైవర్లకు చెప్పే పలకరింపు. అతను చెయ్యెత్తి తిరిగి పలకరించాడు. ఒంటిచేత్తో కూర్చున్నాడని ఆమెకు చెప్పలేదు.

ఇక ఎగువ. ఇది అతనికి తెలిసిన ఎగువ, చెరువుగట్టు మీదికి ఎక్కే దారి, పైన చివరి స్టాపు, నిండు బస్సైతే రెండో గేరు, ఖాళీ బస్సైతే మూడు. ఇక్కడికి రావాలన్నది ఆమె కోరిక. మీరు రోజూ పోయే చోటు ఎలా ఉంటుందని కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడే అడిగింది, సెలవు రోజు తీసుకెళతానన్నాడు, సెలవు రోజు ఇనుము కొట్లకు పోయేవాడు, ఆమెకు కుట్టాల్సిన గుడ్డలు ఎప్పుడూ గుట్టగానే ఉండేవి, అలా అలా ఏళ్ళు దొర్లిపోయాయి. తొడలు మండడం మొదలైంది. మంచి మంట, పని చేసిన మంట. గుండె పక్కటెముకల్ని గుద్దుతోంది, చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి దిగుతోంది, దిగితే దిగనీ, వాటికిప్పుడు వేరే పనేముంది. సైకిలు బరువెక్కింది. ఇంకా బరువెక్కింది. ముందు నుంచి ఏ ఒత్తిడీ రావడం లేదు, ఆమె పాదాలు పెడళ్ళ మీద ఊరికే ఉన్నాయి, తేలుతున్నాయి. అలసిపోయి ఉంటుంది, ఈ ఎగువ మొదటిసారి కదా. సరే, బండి నాది అనుకుని, దవడలు బిగించి, నడుము వంచి, ఇద్దరి బరువూ కాళ్ళ మీద వేసుకుని తోశాడు, ఒక్కో తొక్కుడూ ఒక్కో మెట్టు, ఆగితే మళ్ళీ కదలదు, ఆగకూడదు. కానీ రొప్పు వినబడటం లేదేం? అలసిన మనిషి రొప్పాలి కదా.

"ఏమే, తొక్కుతున్నావా?"

"లేదు," అంది ఆమె.

"మరి?"

"చూస్తున్నాను."

తడిగాలి వచ్చి మొహం మీది చెమటను ఆరబెట్టింది. "నీళ్ళండీ," అంది ఆమె నెమ్మదిగా, "ఎంత నీళ్ళు! అవతలి గట్టు కనబడటం లేదు. ఎండ పడి పళ్ళెంలా మెరుస్తోంది. తెల్ల పిట్టలు, ఒకటి కాదు రెండు కాదు. అన్నేళ్ళు వచ్చారు కదా, అక్కడేముందని అడిగితే ఒక్కటంటే ఒక్కమాట, నీళ్ళు అన్నారు, అంతే."

"నీళ్ళే కదా."

"ఇంత ఉంటే నీళ్ళు అని ఊరుకుంటారా మనిషన్నాక!"

నిజమే. ఆలోచిస్తే అతనికి గుర్తొచ్చేది నీళ్ళు కాదు, టైర్లు. బస్సు ఆపగానే దిగి టైర్లు తన్ని చూసుకునేవాడు, టీ తాగేవాడు, నీళ్ళకు వీపు పెట్టి, గడియారం కేసి చూస్తూ. కళ్ళు పోయాక ఏం పోగొట్టుకున్నాడో రోజూ జాబితా చదువుకున్నాడు, అందులో ఈ చెరువు లేనే లేదు. ఇప్పుడు ఆమె చెబుతుంటే పిట్టలు లేస్తున్నాయి, మెరుపు కళ్ళలోకి కొడుతోంది, మొదటిసారి చూస్తున్నాడు. మొదటిసారి! కాళ్ళ మంట సంగతే మరిచిపోయాడు, సైకిలు ఎప్పుడు చదునెక్కిందో కూడా తెలియలేదు, పెడళ్ళు తేలికై గిర్రున తిరుగుతున్నాయి, ఆమె పాదాలు మళ్ళీ వచ్చి కలిశాయి.

చివరి స్టాపు. టీ నీళ్ళ వాసన, ఆగి ఉన్న బస్సు వేడి, వంతెన మీద వెనకే వచ్చిన బస్సే అయి ఉంటుంది, రేకు చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. ఇక్కడే కుడికి తిప్పాలి, పెద్ద వలయంలో, అద్దం చూసుకుని. ఎన్ని వేలసార్లు తిరిగిందో ఆ ఒళ్ళు, ఇప్పుడూ తనంతట తాను కుడివైపు వాలింది. సైకిలు వాలలేదు. తిన్నగా పోతోంది. టీ వాసన వెనక్కి పోయింది, బస్సు వేడి వెనక్కి పోయింది. చక్రాల కింద తారు అయిపోయింది, కంకర కరకరమంది, సీటు ఎగిరింది.

"ఏమే, తిప్పు! చివరి స్టాపు ఇదే."

"అది బస్సుకు. మన ముందు దారుంది కదా."

"అటు ఏముంది?"

"మీకు తెలీదా?"

"అటు ఎప్పుడూ పోలేదు." నిజంగానే పోలేదు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ గీత దాటలేదు. ఇక్కడి నుంచి ఏ గుంట ఎక్కడుందో, ఏ మలుపులో ఏ గోడుందో చెప్పగలిగే లెక్కేదీ అతని దగ్గర లేదు. చేతులు హ్యాండిలు మీద బిగుసుకోబోయి, ఎందుకో మళ్ళీ వదులయ్యాయి. కంకర మీద కూడా ఆ కుట్టు తప్పడం లేదు, కుడి, ఎడమ, చిన్న ఆగుడు.

"ఏం కనబడుతోంది?" అని అడిగాడు. అడిగేశాక గానీ తను అడిగాడన్న సంగతి తెలియలేదు.

"ఎడమ పక్క నీళ్ళు. కుడి పక్క ఎవరివో చేలు, ఎత్తుగా ఏదో పైరు, పేరు తెలీదు. ముందు ఒక మలుపుంది." కాస్త ముందుకు వంగింది ఆమె. "దాని తర్వాత ఏముందో నాకూ కనబడటం లేదు."

"మంచిదే," అన్నాడు అతను, పెడలు నొక్కుతూ. "పద."